ఇద్దరే కార్లో థార్ ఎడారికి వెళ్తుంటే, మొదటి రోజు ఏ దారి పట్టాలి?

మేము మొదటిసారి థార్ ఎడారికి వెళ్లింది డిసెంబర్‌లో. హైదరాబాద్‌లో పొద్దున్నే విమానం ఎక్కి, జోధ్‌పూర్‌లో దిగి, అద్దె కారు తాళాలు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. జైసల్మేర్ అవతల సమ్ ఇసుక దిబ్బల్లో ఆ రాత్రికే గుడారం బుక్ చేసుకున్నాం. ఎనిమిదింటికల్లా భోజనానికి కూర్చోవచ్చని మా ఆయన లెక్క వేశారు. పోఖ్రాన్ చేరేసరికే పొద్దుగూకింది. అక్కణ్ణుంచి జైసల్మేర్ ఇంకా 110 కిలోమీటర్లు. చీకట్లో రోడ్డు మధ్య ఆవులు, హెడ్‌లైట్ల వెలుగులో ఉన్నట్టుండి ఒంటె కాళ్లు. ఒకచోట మా ఆయన బ్రేక్ వేసిన తీరుకి నా చేతిలో నీళ్ల సీసా ఎగిరి ముందు అద్దానికి తగిలింది. ఆ తర్వాత గంటసేపు మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. గుడారానికి చేరింది తొమ్మిదింబావుకి. పాటలు, ఆటలు అప్పటికే ముగిశాయి. పప్పు చల్లారిపోయింది. ఎడారిలో మా తొలి రాత్రి ఎడారి కనపడనేలేదు.

రెండేళ్ల తర్వాత మళ్లీ అదే నెలలో, అదే జోధ్‌పూర్ నుంచి వెళ్లాం. ఈసారి మొదటి రోజు కారు నడిపింది 65 కిలోమీటర్లే. నాలుగున్నరకి ఇసుక మీద చెప్పులు విప్పి కూర్చున్నాం. రెండు ప్రయాణాల్లోనూ చూసిన ఊళ్లు దాదాపు అవే. తేడా అంతా మొదటి రోజు ఎంత దూరం పెట్టుకున్నామన్న దాంట్లోనే ఉంది. అందుకే ఈ సలహా మొత్తం ఆ ఒక్క రోజు గురించే రాస్తున్నాను. మిగతా నాలుగైదు రోజులు ఎలాగైనా సర్దుకోవచ్చు. మొదటి రోజు అలసిపోతే ఆ చిరాకు ఇద్దరిమధ్యా రెండో రోజుకీ పాకుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే కనీసం మాట మళ్లించేవాళ్లుంటారు. కార్లో ఇద్దరే ఉన్నప్పుడు ఆ వీలు కూడా ఉండదు.

నాకు తెలిసి మన వాళ్లకి మొదటి రోజుకి నాలుగు దారులున్నాయి: జోధ్‌పూర్ నుంచి నేరుగా జైసల్మేర్, జోధ్‌పూర్ నుంచి ఓసియాఁ వరకే వెళ్లి ఆగడం, ఆ రోజు జోధ్‌పూర్ చుట్టుపక్కలే గడపడం, బికనేర్ నుంచి మొదలుపెట్టడం. వీటిలో ఏది మీది అన్నది చూడాల్సిన చోట్ల జాబితాని బట్టి కాకుండా, కారు తాళాలు మీ చేతికి ఎన్నింటికి వస్తాయన్న దాన్ని బట్టి తేల్చుకోండి.

ముందు పొద్దు లెక్క

ఇది తెలియకే మేము దెబ్బతిన్నాం. జైసల్మేర్ మనకంటే బాగా పడమటగా ఉంటుంది. గడియారం మాత్రం దేశమంతా ఒకటే. డిసెంబర్ మధ్యలో హైదరాబాద్‌లో 6.40 ప్రాంతంలో తెల్లారితే, జైసల్మేర్‌లో సూర్యుడు వచ్చేసరికి 7.20 దాటుతుంది. పొద్దున ఆలస్యమైతే సాయంత్రం కూడా అంత ఆలస్యంగా చీకటి పడుతుందని మేము అనుకున్నాం. అలా జరగదు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ చలికాలం పగలు చిన్నదైపోతుంది కాబట్టి అక్కడ సూర్యాస్తమయం ఆరింటికి కాస్త ముందే. జోధ్‌పూర్, ఓసియాఁ వైపైతే 5.45 ప్రాంతం. అంటే డిసెంబర్, జనవరిలో కారు నడపడానికి పనికొచ్చే వెలుతురు పదిన్నర గంటలు. అందులో సగం ఎయిర్‌పోర్టులోనే ఖర్చయిపోతుంది.

చీకట్లో నడపొద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం దొంగల భయం కాదు. రోడ్లు బాగుంటాయి, తిన్నగా ఉంటాయి, ఆ మంచి రోడ్డు మీదే ప్రమాదం. 90లో పోతున్నామన్న సంగతే తెలియదు. చలి రాత్రుల్లో పశువులు రోడ్డు మీదకొచ్చి పడుకుంటాయి. చింకారా జింకలు, మనుబోతులు అడ్డంగా పరిగెడతాయి. ఒంటె అన్నిటికన్నా ప్రమాదం. కారు లైట్లు దాని కాళ్ల మీదే పడతాయి, పైనున్న బరువంతా మీ అద్దం ఎత్తులో ఉంటుంది. మేము తప్పించుకున్నది నిజంగా మా అదృష్టమే.

నేరుగా జైసల్మేర్

జోధ్‌పూర్ నుంచి అగోలాయి, బాలేసర్, దేచూ, పోఖ్రాన్ మీదుగా సుమారు 280 కిలోమీటర్లు. ఆగకుండా పోతే ఐదు గంటలు. భోజనం, టీ, ఫొటోలు కలిపితే ఆరున్నర అనుకోండి. పొద్దున 10, మహా అయితే 11 లోపు జోధ్‌పూర్ వదిలేట్టయితేనే ఇది పెట్టుకోండి. ముందురోజు రాత్రే దిగి, పడుకుని, పొద్దున టిఫిన్ చేసి బయల్దేరేవాళ్లకి ఇది చక్కగా సరిపోతుంది. సెలవు నాలుగు రోజులే ఉన్నవాళ్లకి కూడా ఇదే సరైన దారి, ఎందుకంటే జైసల్మేర్‌లో మీకు రెండు పూర్తి రోజులు మిగులుతాయి.

దారిలో ఏముంటుంది? బాలేసర్ దగ్గర ఇసుకరాయి గనులు. పలకలు పలకలుగా కోసి రోడ్డు పక్కన పేర్చిన రాయి కిలోమీటర్ల పొడవునా కనపడుతుంది. అక్కడ పొలానికి కంచె కూడా ఆ నిలువు రాతి పలకలే. దేచూ దాటాక నిజమైన ఇసుక మొదలవుతుంది. పోఖ్రాన్ పేరు వినగానే మనకి 1974 మే 18, 1998 మే 11, 13 తేదీల అణుపరీక్షలు గుర్తొస్తాయి. ఆ చోటు చూద్దామని ఆశపడకండి. అది సైన్యం అధీనంలో ఉన్న ప్రాంతం, ఎవరినీ వెళ్లనివ్వరు. పోఖ్రాన్ దాటి జైసల్మేర్ వైపు వెళ్తుంటే ఖేతోలాయి అనే ఊరొస్తుంది. పరీక్షలు జరిగిన చోటుకి దగ్గరున్న ఊరు అదే. రోడ్డు మీంచి చూస్తే మామూలు పల్లె, కొన్ని ఇళ్లు, కొన్ని ఆవులు. మేము కారు ఆపి ఐదు నిమిషాలు ఊరికే నిలబడ్డాం. 1998 నాటికి నేను బళ్లో చదువుకుంటున్నాను, ఆ వార్త మా మాస్టారు క్లాసులో చదివి వినిపించారు. ఆ పేరున్న నేల మీద నిలబడ్డానన్న భావమే నాకు చాలనిపించింది.

పోఖ్రాన్‌లో పెట్రోల్ బంకులు, దాబాలు ఉన్నాయి. భోజనానికి అక్కడే ఆగండి. ఆ తర్వాతి 110 కిలోమీటర్లూ నిద్ర తెప్పించేంత తిన్ననైన రోడ్డు. ఇద్దరికీ డ్రైవింగ్ వస్తే ఇక్కడ మారండి.

ఓసియాఁ దాకా వెళ్లి ఆగడం

నా ఓటు దీనికే. మధ్యాహ్నం విమానంలో దిగేవాళ్లందరికీ నేను ఇదే చెప్తాను.

జోధ్‌పూర్‌కి ఉత్తరాన 65 కిలోమీటర్లు. గంటన్నర. రెండున్నరకి కారు చేతికొచ్చినా నాలుగు, నాలుగున్నరకి చేరిపోతారు. ఊరి అంచునే ఇసుక దిబ్బలుంటాయి. సమ్‌లో ఉన్నంత ఎత్తు ఉండవు, అంత బోడిగా కూడా ఉండవు. తుప్పలు, అక్కడక్కడా చెట్లు. సినిమాల్లో కనపడే నున్నటి ఎడారి కావాలనుకునేవాళ్లకి కొంచెం నిరాశే. కానీ మొదటి సాయంత్రానికి అవి చాలు. జనం తక్కువ, జీపుల మోత తక్కువ. ఒంటె మీద ఎక్కాలంటే ఎక్కొచ్చు, లేదా నడిచే దిబ్బ పైకి వెళ్లి కూర్చోవచ్చు. మేము రెండోదే చేశాం. ఫ్లాస్కులో టీ పోయించుకుని వెళ్లాం.

ఇంకొక విషయం, ఓసియాఁలో ఇసుక ఒక్కటే లేదు. ప్రతీహారుల కాలం నుంచీ, అంటే ఎనిమిదో శతాబ్దం నుంచీ కట్టిన గుళ్లున్నాయి. గుట్ట మీద సచియా మాత గుడి, ఊళ్లో మహావీరుడి జైన ఆలయం. ఓస్వాల్ జైనులు తమ మూలం ఈ ఊరేనని చెప్తారు. మన ఊళ్లలో బంగారం కొట్లు, బట్టల కొట్లు నడిపే మార్వాడీ కుటుంబాల్లో ఎంతోమందికి ఇంటిపేరు వెనక ఈ చిన్న ఊరుందని తెలిశాక ఆ మెట్లు ఎక్కడం నాకు వేరేలా అనిపించింది. రామప్పలో, లేపాక్షిలో నల్లరాయి, గ్రానైట్ స్తంభాలు చూసిన కళ్లకి ఇక్కడి ఇసుకరాయి చెక్కడం మెత్తగా కనపడుతుంది. అంచులు గాలికి అరిగి, శిల్పాల ముఖాలు కొన్ని చెరిగిపోయి ఉంటాయి. తొందర లేకుండా చూడండి. రెండో రోజు పొద్దున్నే బయల్దేరక్కర్లేకపోతే సాయంత్రం దిబ్బలు, పొద్దున గుడి అని పెట్టుకోండి, హడావుడి ఉండదు.

ఈ దారికి అసలు లాభం రెండో రోజు తెలుస్తుంది. ఓసియాఁ నుంచి ఫలోదీ సుమారు 75 కిలోమీటర్లు. ఫలోదీ పక్కనే వలస కొంగలు వాలే ఊరు, ఖీచన్. అక్కణ్ణుంచి రామ్‌దేవ్‌రా, పోఖ్రాన్ మీదుగా జైసల్మేర్. మొత్తం దూరం నేరు దారికన్నా 30 కిలోమీటర్లే ఎక్కువ. అంటే ఓసియాఁలో ఆగడం వల్ల మీరు దారి తప్పిందేమీ లేదు, ఒక రాత్రి ముందుకి జరిపారంతే.

మరి లోటు ఏమిటి? జైసల్మేర్‌లో ఒక పూట తగ్గుతుంది. ఓసియాఁలో బస చేసే చోట్లు తక్కువ, డిసెంబర్ చివరి వారంలో ముందే నిండిపోతాయి. మందు, డీజే ఉన్న పార్టీ గుడారం కావాలంటే ఇది మీ ఊరు కాదు.

జోధ్‌పూర్‌లోనే ఉండిపోవడం

మూడు దాటాక కారు చేతికొస్తే ఇక ఎక్కడికీ కదలొద్దు. కోటకి కూడా పరుగెత్తొద్దు. మెహ్రాన్‌గఢ్‌లోకి సాయంత్రం ఐదు తర్వాత రానివ్వరు, రావు జోధా 1459లో మొదలుపెట్టిన ఆ కోటని గంటలో చూసి వచ్చేయడం దానికి అన్యాయం చేయడమే. ప్రయాణం చివర్లో జోధ్‌పూర్‌కి మళ్లీ వస్తారుగా, అప్పటికి ఉంచుకోండి. ఆ సాయంత్రం పాత ఊళ్లో మిర్చీవడ తినండి. మన మిరపకాయ బజ్జీకి అన్నలా ఉంటుంది, లోపల ఆలుగడ్డ కూరతో. నీలం గోడల సందుల్లో నడవండి, త్వరగా పడుకోండి.

పొద్దున పదింటికే దిగి, 280 కిలోమీటర్లు నడపడం ఇష్టం లేనివాళ్లకి మాత్రం జోధ్‌పూర్ చుట్టుపక్కల ఒక మంచి పగలుంది. దాని గురించి మన వాళ్లు ఎవరూ చెప్పగా నేను వినలేదు. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఊరికి దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలో గుడా బిష్ణోయ్, ఆ వైపే ఖేజర్లీ అనే పల్లెలున్నాయి. ఇవి బిష్ణోయీల ఊళ్లు. చెట్టు కొట్టకూడదు, జీవాన్ని చంపకూడదు అన్నది వాళ్ల ధర్మం. గుడా చెరువు చుట్టూ కృష్ణజింకలు మనిషిని చూసి బెదరకుండా మేస్తుంటాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. మన దగ్గర దాన్ని చూడాలంటే రోళ్లపాడు లాంటి చోట్లకి వెళ్లి దూరం నుంచి వెతుక్కోవాలి, ఇక్కడ పొలం గట్టు మీద నిలబడి ఉంటుంది.

ఖేజర్లీ పేరు ఖేజ్రీ చెట్టు నుంచి వచ్చింది. ఆ చెట్టు మరేదో కాదు, మన జమ్మి. దసరానాడు ఏ ఆకుని బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకి దండం పెడతామో అదే. తెలంగాణకీ రాజస్థాన్‌కీ రాష్ట్ర వృక్షం ఒక్కటే. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు కోట పనికి కట్టెల కోసం ఈ ఊరి చెట్లు కొట్టడానికొస్తే, అమృతాదేవి అనే ఆమె చెట్టుని కావలించుకుని నిలబడి ప్రాణమిచ్చింది. ఆమె వెనకే ఊళ్ల నుంచి మనుషులు వచ్చి నిలబడ్డారు. 363 మంది చనిపోయారని బిష్ణోయీలు లెక్క చెప్తారు. ఇప్పుడక్కడ గుడి, స్మారకం ఉన్నాయి, చుట్టూ జమ్మిచెట్లు. మా అమ్మమ్మ ఊళ్లో జమ్మిచెట్టు కింద పూజ చేసిన చేతులతోనే నేనక్కడ ఒక కొమ్మని పట్టుకున్నాను. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా ఆయన పక్కన నిలబడి ఏమీ అనలేదు, అది నాకు బాగుంది.

ఆ రోజు నుంచి దారి పొడవునా పొలాల మధ్య నిలబడ్డ ప్రతి జమ్మిచెట్టూ మాకు తెలిసిన మనిషిలా కనపడింది. ఆ ఎడారిలో రైతు దాన్ని కొట్టడు. దాని కింద సజ్జ పండుతుంది, ఆకు మేకకి మేత, కాయ కూరకి. భోజనంలో కేర్ సాంగ్రీ అని వడ్డిస్తారే, అందులో సాంగ్రీ అంటే ఎండబెట్టిన జమ్మికాయలే. మన దగ్గర ఇంతగా పూజించి ఒక్కనాడూ వండుకోని కాయ అది. తప్పకుండా తినండి, సజ్జరొట్టె, నెయ్యితో.

బికనేర్ నుంచి మొదలు

బికనేర్ నుంచి జైసల్మేర్‌కి 330 కిలోమీటర్లు, కోలాయత్, బాప్, ఫలోదీ, పోఖ్రాన్ మీదుగా. వెడల్పైన జాతీయ రహదారి, అక్కడక్కడా సైన్యం లారీల వరసలు. బాప్ ప్రాంతంలోనే భడ్లా సోలార్ పార్కు ఉంది, 2,245 మెగావాట్ల సామర్థ్యంతో ప్రపంచంలోని పెద్ద సౌర విద్యుత్ కేంద్రాల్లో ఒకటి. హైవే మీంచి దాన్ని మొత్తంగా చూడలేరు. బికనేర్ ఊరు మాత్రం నాకు చాలా నచ్చింది. జునాగఢ్ కోట, ఒంటెల పరిశోధన కేంద్రం, భుజియా కొట్లు, అన్నీ ఒక రోజుకి నిండుగా సరిపోతాయి.

అయినా మొదటి రోజుకి దీన్ని నేను చెప్పను. ఢిల్లీలోనో జైపూర్‌లోనో ఉంటూ సొంత కార్లో వచ్చే తెలుగువాళ్లకి ఇది సహజమైన దారి, వాళ్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి వచ్చేవాళ్లకి బికనేర్ చేరడానికే ఒక రోజు పోతుంది. అద్దె కారుని తీసుకున్న ఊళ్లోనే తిరిగి అప్పగించమంటారు, వేరే ఊళ్లో వదిలితే అదనంగా వసూలు చేస్తారు. అందుకని బికనేర్‌ని చివరికి పెట్టుకోవడం మేలు: జోధ్‌పూర్, ఓసియాఁ, జైసల్మేర్, బికనేర్, మళ్లీ జోధ్‌పూర్. బికనేర్ నుంచి జోధ్‌పూర్‌కి 250 కిలోమీటర్ల ఆ ఆఖరి దారిలోనే దేశ్‌నోక్ కర్ణీమాత గుడి వస్తుంది, ఎలుకలు తిరిగే గుడి. చక్రం తిరిగినట్టు పూర్తవుతుంది, ఫలోదీ, జైసల్మేర్‌ల మధ్య ముక్క తప్ప వెళ్లిన రోడ్డు మీదే మళ్లీ రావక్కర్లేదు.

మొదటి రాత్రి ఎక్కడ పడుకోవాలి

ఇక్కడే ఇద్దరిమధ్యా అభిప్రాయ భేదం వస్తుంది. ఒకరికి గుడారం కావాలి, ఒకరికి వేడినీళ్లు కావాలి. నేను రెండోవైపు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఎడారి 5, 6 డిగ్రీలకి పడిపోతుంది. రాత్రంతా విమానం కోసం మేలుకుని, రోడ్డు మీద అలసిన ఒంటికి మొదటి రాత్రే ఆ చలి వద్దు. ఓసియాఁలో ఆగితే గోడలున్న గది అడగండి, సాయంత్రం దిబ్బల మీద గడపండి. గుడారాన్ని రెండో రాత్రికో మూడో రాత్రికో పెట్టుకోండి. అప్పటికి చలి అలవాటవుతుంది, ఉన్నికోటు ఎక్కడ పెట్టారో కూడా తెలిసి ఉంటుంది.

నేరుగా జైసల్మేర్ చేరేవాళ్లకి మరో ప్రశ్న: కోట లోపలా, బయటా? 1156లో రావల్ జైసల్ కట్టించిన ఆ కోటలో ఇవాళ్టికీ వేల మంది కాపురం ఉంటున్నారు. లోపలి గదుల కిటికీల్లోంచి దృశ్యం అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ ఎడారి కోసం కట్టిన ఆ కోట ఇన్ని హోటళ్ల నీళ్లని తాగలేకపోతోంది. డ్రైనేజీ నీరు ఇంకి గుట్ట మెత్తబడి గోడలు, బురుజులు దెబ్బతిన్నాయి. బయట ఉండండి, కోట కనపడే మేడ ఉన్న ఇల్లు వెతుక్కోండి. సాయంత్రం ఆ పసుపు రాయి రంగు మారడం బయటినుంచే కనపడుతుంది. కారు కూడా కోటలోకి వెళ్లదు, పెట్టెలు ఆ వాలు రాళ్ల మీద మీరే లాక్కోవాలి.

ఇక సమ్, ఖూరీల మధ్య ఎంపిక. సమ్ జైసల్మేర్‌కి 40 కిలోమీటర్లు, దిబ్బలు పెద్దవి, జనం ఎక్కువ, జీపులు, పాటలు. స్నేహితుల గుంపుకి సమ్. ఖూరీ 50 కిలోమీటర్లలోపు, నిశ్శబ్దం, మట్టి ఇళ్లు, చుక్కలు. ఇద్దరే అయితే ఖూరీ. ఇందులో నాకు రెండో మాట లేదు.

కారు సంగతి

మీరే నడపాలా, డ్రైవరు ఉన్న టాక్సీనా? ఇద్దరిలో ఒక్కరికే డ్రైవింగ్ వస్తే టాక్సీ తీసుకోండి. రోజుకి ఐదు గంటలు ఒక్కరే నడిపి, సాయంత్రం ఇద్దరూ ఒకేలా ఆనందంగా ఉండాలనుకోవడం కుదరదు. పైగా స్థానిక డ్రైవర్‌కి ఏ దాబా శుభ్రమో, ఏ వంపులో ఆవులుంటాయో తెలుసు. లోటల్లా ఒక్కటే, వెనక సీట్లో కూర్చుని మీరు ఏమీ మాట్లాడుకోలేరు. కొందరికి అదే పెద్ద లోటు, నాకూ అంతే.

మీరే నడుపుతుంటే నంబర్ ప్లేటు చూసుకోండి. సెల్ఫ్ డ్రైవ్‌కి చట్టప్రకారం ఇచ్చే కారుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు కారుని తక్కువకి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కుల్లో పడతారు. కారు తీసుకునే ముందు చుట్టూ తిరిగి వీడియో తీయండి, కింద బంపరు కూడా. మా మొదటి ప్రయాణంలో ఒక అద్దె సంస్థ, మేము ఎక్కకముందే ఉన్న గీతకి మా డిపాజిట్‌లోంచి డబ్బు కోసుకుంది. మా దగ్గర రుజువు లేకపోయింది. స్పేర్ టైరు గాలి, జాకీ, టైరు విప్పే పానా ఉన్నాయో లేదో డిక్కీ తెరిపించి చూడండి. ఎడారిలో టైరు పంక్చర్ అయితే పానా కోసం ఎంత దూరం నడవాలో ఊహించుకోండి.

ఒక్క మాట గట్టిగా: తారు రోడ్డు దిగొద్దు. ఇసుక గట్టిగా కనపడుతుంది, నాలుగడుగులు పోయాక చక్రం దిగిపోతుంది. దిగిపోతే యాక్సిలేటర్ తొక్కొద్దు, ఇంకా లోతుకి పోతుంది. టైర్లలో గాలి బాగా తగ్గించి, చక్రాల వెనక తుప్పలో, కార్లో కాళ్ల కింద వేసే పట్టాలో వేసి నెమ్మదిగా వెనక్కి తీయాలి. ఆ తర్వాత పెట్రోల్ బంకు వచ్చేదాకా నెమ్మదిగా వెళ్లి గాలి కొట్టించుకోవాలి.

ఏ నెలలో వెళ్తే ఏది

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పైన చెప్పిందంతా అలాగే వర్తిస్తుంది. మార్చిలో పగలు పెద్దది, కాబట్టి నేరు దారికి ఇంకో గంట వెసులుబాటు దొరుకుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఇద్దరే కార్లో వెళ్లడం నేను వద్దంటాను. ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. మన రామగుండం, రెంటచింతల ఎండ తిన్నవాళ్లమే అనుకుని ధైర్యం చేయొద్దు, రోడ్డు మధ్య కారు ఆగిపోతే అక్కడ నీడ ఉండదు. భాద్రపద మాసంలో రామ్‌దేవ్‌రా జాతర. హిందువులు, ముస్లింలు ఇద్దరూ కొలిచే రామ్‌దేవ్ పీర్ దగ్గరికి వందల కిలోమీటర్ల నుంచి భక్తులు నడిచి వస్తారు, ఆ రోజుల్లో పోఖ్రాన్ వైపు రోడ్లన్నీ మనుషులతో నిండిపోతాయి. జాతర చూడటానికే వెళ్తే వేరు, లేకపోతే ఆ పది రోజులు తప్పించండి.

చలికాలం ఓసియాఁలో ఆగిన వాళ్లు రెండో రోజు పొద్దున ఏడింటికి, వెలుతురు రాగానే బయల్దేరండి. గుడికి వెళ్లాలనుకుంటే ముందురోజు సాయంత్రమే చూసేయండి, లేకపోతే ఖీచన్ ఆలస్యమవుతుంది. ఎనిమిదిన్నరకి ఖీచన్ చేరతారు. 1970ల్లో ఆ ఊళ్లో ఒక జైన గృహస్థు, ఆయన భార్య పావురాలకి గింజలు వేస్తుంటే కొన్ని వలస కొంగలు కూడా వచ్చి వాలాయి. కుర్జాలంటారు వాటిని, బూడిద రంగు ఒళ్లు, నల్ల మెడ, కంటి వెనక తెల్లటి ఈకల కుచ్చు. మంగోలియా, మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి వస్తాయి. వాళ్లు వేస్తూనే ఉన్నారు, అవి ఏటేటా పెరుగుతూ ఇప్పుడు వేలల్లో వస్తున్నాయి, ఊరంతా కలిసి గింజలు వేస్తోంది. 2025లో ఖీచన్‌ని రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. గింజలు వేసే ఆవరణ పక్కనున్న ఇళ్ల డాబా మీదకి అడిగితే ఎక్కనిస్తారు. మాటలు తగ్గించండి, డ్రోన్ ఎగరేయొద్దు. మేము వెళ్లిన రోజు తొమ్మిదిన్నరకి కుక్క ఏదో మొరిగింది, వేల రెక్కలు ఒక్కసారి లేచాయి. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, అవి చెరువు వైపు వెళ్లి కనుమరుగయ్యేదాకా వదల్లేదు. అక్కణ్ణుంచి జైసల్మేర్‌కి 170 కిలోమీటర్లు. మధ్యలో పోఖ్రాన్‌లో భోజనం చేసి, మూడున్నరకి కోట ముందున్నాం.